బందరు తీరమున రెండు దినములు

కొత్తగూడెములోని రైలుస్టేషను చిరకాలముగా భద్రాచలము రోడ్డు అను పేరుతోనే ప్రసిద్ధము. దూరప్రాంతములనుండి వచ్చు యాత్రికులు ఇచ్చట దిగి, బస్సెక్కి, నలుబది కిలోమీటర్ల దూరమున గోదావరి గట్టునగల రాముని దర్శనమునకు పోవుదురు. వారికి ఈ ఊరొక మజిలీ. ఆ మజిలీలోనే కాపురముండి, వారమునకు ఆరు దినములు బొగ్గుతో పొద్దుపుచ్చువారికి మాత్రము ఎచటికైన పోయి రెండు దినములు ఊరక కూర్చుండవలెనను కోరిక ఉండదా? తప్పక ఉండును. కాలనీ ఇండ్లలో ఆ కోరిక తరచుగా ఒక్క మాటగా బయటపడును: "పిల్లలకు సముద్రము చూపవలెను."

సముద్రమనగానే అందరి నోట విశాఖపట్టణమే వచ్చును. మంచి ఊరే, కాని మహానగరము. తీరిక కోరి బయలుదేరినవాడు మరియొక రద్దీలో పడి, చూడవలసినవాటి జాబితా చేతబట్టుకొని పరుగులెత్తనేల? చిన్న ఊరు కావలెను. సముద్రము దగ్గర ఉండవలెను. ఒక్క పూటలో చేరగలుగవలెను. ఈ మూడును కలిసిన చోటు మచిలీపట్టణము. జనుల నోట అది బందరు. పారసీక భాషలో బందరనగా రేవు. రేవు అను మాటయే ఊరి పేరై నిలిచినది.

తెలంగాణమునకు సముద్రము లేదని భూగోళ పాఠములో చెప్పుదురు. నేటి పటమునుబట్టి అది నిజమే. కాని పదునేడవ శతాబ్దమున గోలకొండ రాజ్యమునకు బందరే సముద్రద్వారము. గోలకొండ వజ్రములు, తీరపు నేతగాండ్ర అద్దకపు వస్త్రములు ఈ రేవునుండియే ఓడలెక్కినవి. డచ్చివారు వచ్చిరి, 1611లో ఇంగ్లీషువారు వచ్చిరి, పిమ్మట ఫ్రెంచివారును వచ్చిరి. కొత్తగూడెమునకు ప్రక్కనేయున్న పాల్వంచ పరగణాకు కంచెర్ల గోపన్న తహసీలుదారుగా ఉన్నదియు ఆ కాలముననే. ఆయనను చెరసాలలో పెట్టించిన తానీషాయే బందరు రేవునకును ప్రభువు. ఆనాడు పాల్వంచ, బందరు ఒకే రాజు ఏలుబడిలోని ఊళ్లన్నమాట. 1759లో ఇంగ్లీషువారు బందరుకోటను ఫ్రెంచివారినుండి గెలిచిరి. 1766లో ఉత్తర సర్కారులు, 1788లో గుంటూరు సర్కారు నిజాము చేజారినవి. అటుపిమ్మట హైదరాబాదు రాజ్యమునకు తీరమే లేకపోయినది. కాబట్టి కొత్తగూడెము పిల్లలు బందరు పోవుట పరాయి తీరమునకు పోవుట కాదు. తాతముత్తాతల రేవును చూచివచ్చుటయే.

ప్రయాణము నిర్ణయించుటకు పటముకంటె ముందు చూడవలసినది షిఫ్టు పట్టిక. అందును చూడవలసినది శనివారము కాదు, సోమవారము. గనిలో దినమునకు మూడు షిఫ్టులు. ఉదయమొకటి, మధ్యాహ్నమొకటి, రాత్రి యొకటి. మనిషికి ఇవి వంతులవారీగా మారుచుండును. సోమవారము ఉదయపు షిఫ్టు పడిన వారమున సముద్రపు మాట తలపెట్టరాదు. ఆదివారము అర్ధరాత్రి ఇల్లు చేరి, రెండు గంటలు కన్ను మూసి, తెల్లవారకముందే టోపీ దీపము పెట్టుకొని గనిలో దిగువాడు తనకే కాదు, ప్రక్కవానికిని ప్రమాదము. సోమవారము మధ్యాహ్నపు షిఫ్టో, రాత్రి షిఫ్టో పడిన వారమే సరియైనది. బడిపిల్లలకు, ఉపాధ్యాయులకు రెండవ శనివారము సెలవు. ఈ రెండు లెక్కలును కలియు వారము ఏడాదిలో కొన్నిసార్లే వచ్చును. ముహూర్తము వెదకినట్లు వెదకవలెను. గని కార్మికుడు శనివారమునకు ఒక్క సెలవు పెట్టుకొనినచో రెండు నిండు దినములు చేతికి వచ్చును.

1952 నాటి గనుల చట్టము వారమునకు ఆరు దినములకు మించి ఎవరిచేతను పనిచేయించరాదనియు, భూగర్భమున దినమునకు ఎనిమిది గంటలు దాటరాదనియు విధించినది. ఆ ఏడవ దినమును గనుల భాషలో ప్లేడే అందురు. ప్లేడేనాడు పిలుపు వచ్చి పనిలోనికి పోయిన రెట్టింపు వేతనము. కనుక విహారపు ఖర్చులో బస్సు చార్జీలు, బసకు ఇచ్చు బాడుగ మాత్రమే కాదు, వదులుకొన్న ఆ మస్టరు కూడ చేరును. పిల్లల చదువులకు, ఇంటి అప్పులకు లెక్కలు వేసుకొను కుటుంబములో ఈ మాటను తక్కువగా చూడరాదు. కాని ప్రతి ప్లేడేను అమ్ముకొనినచో చట్టమిచ్చిన విశ్రాంతి కాగితముమీదనే మిగులును. ఏడాదికి ఒక్కటియైన అమ్మక ఉంచుకొనవలెను.

ఇక ఇల్లాలి సంగతి. ఆమెకు ప్లేడే లేదు. భర్త ఏ షిఫ్టునకు పోయినను ఆ వేళకు డబ్బా సిద్ధము కావలెను. పిల్లల బడి వేళ మారదు. అనగా మూడు షిఫ్టులును ఆమెవే. విహారమనగానే ముందు రాత్రియంతయు పొయ్యివద్ద నిలిచి, చెగోడీలు, చపాతీలు, పచ్చళ్లు మూటలు గట్టి, తీరమునకు పోయి ఇసుకలో విస్తళ్లు వేసి వడ్డించుట ఆమెకు విశ్రాంతి యెట్లగును? త్రోవకొక పూట పులిహోర చాలును. తక్కిన పూటలు బందరు హోటళ్లలో తినవలెను. ఆ రెండు దినములు ఆమె గరిట పట్టరాదను నియమము ఒక్కటి పాటించినను విహారము సగము సఫలమైనట్లే.

త్రోవలు రెండు. డోర్నకలు మీదుగా రైలులో విజయవాడ చేరవచ్చును. సత్తుపల్లి, తిరువూరు, మైలవరముల మీదుగా రోడ్డునను పోవచ్చును. రోడ్డున పోవువారికి సత్తుపల్లివరకు బొగ్గు తోడువచ్చును. అచ్చటను ఓపెన్‌కాస్టు గనులున్నవి. అది దాటిన పిమ్మట మామిడితోటలు. విజయవాడనుండి బందరు సుమారు డెబ్బది కిలోమీటర్లు. ఈ చివరి భాగమునకు మాత్రము వీలైనచో రైలే మేలు. గుడివాడ, గుడ్లవల్లేరు, పెడనల మీదుగా పొలముల నడుమ పోవు శాఖ అది. కొండ అన్నది కనబడదు. గుట్టలు, టేకుచెట్లు, ఓపెన్‌కాస్టు మట్టిదిబ్బలు చూచి పెరిగిన పిల్లవానికి అంత చదునైన నేల సముద్రముకంటె ముందే ఒక వింత.

మొదటి దినమున బందరు చేరిన పిమ్మట ఏమియు చూడనక్కరలేదు. స్నానము, భోజనము, నిద్ర. సాయంకాలము బజారులో నడచి తొక్కుడు లడ్డు కొనుక్కొనవచ్చును. శనగపిండితో సన్నని పూస వేయించి, దంచి, పాకము పట్టి, నేయి చేర్చి మరల రోకటితో తొక్కుదురు. అందుకే ఆ పేరు. బందరు హల్వాకును పేరున్నది. రెంటిలో ఏది గొప్పదను తగవు ఆ ఊరివారికే విడిచిపెట్టుట మంచిది.

మంగినపూడి తీరము పట్టణమునకు పదికిలోమీటర్లకు కొంచెము పైబడిన దూరమున ఉన్నది. తూర్పుతీరమున సూర్యుడు సముద్రములోనుండి లేచునే కాని సముద్రములో అస్తమించడు. సినిమాలలో పడమటి తీరపు సాయంకాలములు చూచి వచ్చువారు ఈ చిన్న విషయము మరచి, పగలంతయు పండుకొని సాయంకాలము పోయి నిరాశపడుదురు. రెండవ దినము తెల్లవారుజామున లేచి పోవలెను. చలికాలమున ఆరున్నరకు కొంచెము అటునిటుగా సూర్యోదయము. రాత్రి షిఫ్టు దిగివచ్చు వేళ తప్ప సూర్యోదయము చూడని మనిషి, నిద్రపోయి లేచి చూచు సూర్యోదయము వేరు.

ముందుగా పిల్లలకు చెప్పవలసినది ఒకటి కలదు. మంగినపూడి సముద్రము క్యాలెండరు బొమ్మలోవలె నీలముగా ఉండదు. అచ్చటి నేల నల్లని బంకమట్టి, నీరు మట్టిరంగు. చాలదూరమువరకు లోతు తక్కువ. బొగ్గుపొడి అంటిన కాళ్లతో పెరిగినవారికి నల్లనేల క్రొత్త కాదు. అయినను లోతు తక్కువయని ధైర్యము చేయరాదు. గనిలో దిగినవాడు కఱ్ఱతో పైకప్పును తట్టి, ఆ చప్పుడునుబట్టి రాయి గట్టిదో గుల్లదో కనిపెట్టును. సముద్రమును తట్టి చూచుటకు కఱ్ఱ లేదు. దాని చప్పుడు తెలిసినవారు అచ్చటి జాలరులే. వారు దిగవద్దన్నచోట దిగరాదు. దినమునకు రెండు పోట్లు, రెండు ఆట్లు. నేటి పోటుకంటె రేపటిది సుమారు యాబది నిమిషములు ఆలస్యము. పౌర్ణమికి, అమావాస్యకు పోటు హెచ్చు. కార్తిక పౌర్ణమి స్నానములకు వేలకొలది జనము వత్తురు. భక్తి గలవారికి అది మంచి దినము, తీరిక కోరువారికి కాదు.

ఒడ్డున కూర్చుండినప్పుడు ఉపాధ్యాయుడు పిల్లలకు ఒక్క సంగతి చెప్పినచో చాలును. బొగ్గు పెద్దదా, ఈ సముద్రము పెద్దదా? వయస్సున బొగ్గే పెద్దది. కొత్తగూడెము నేలక్రింద ఉన్న బొగ్గు పాతిక కోట్ల ఏండ్లకు పూర్వము మంచినీటి చిత్తడినేలలలో కూలిన చెట్లనుండి ఏర్పడినది. అప్పటికి బంగాళాఖాతమే లేదు. ఈ తూర్పు అంచు అంటార్కిటికా ఖండమును అంటుకొనియుండెను. ఆ రెండును విడిపోవుట ఇంచుమించు పదమూడు కోట్ల ఏండ్లనాటి మాట. ఆ చీలికలో నిండినదే ఈ సముద్రము. 1871లో విలియం కింగ్ యెల్లందు వద్ద బొగ్గును కనుగొన్నప్పుడు ఆయన చేతికి వచ్చినది సముద్రముకంటె పాత వస్తువు. తండ్రి దినమును పెళ్లగించి తెచ్చు ఆ నల్లరాయి ఎదుటనున్న సముద్రమునకు పెద్దన్నయని తెలిసిన పిల్లవాడు అలవైపు చూచు చూపు మారును. ఇంతటితో పాఠము ముగించవలెను. "నేను చూచిన సముద్రము" అను వ్యాసము సోమవారమునాటికి వ్రాసి తెండని చెప్పు ఉపాధ్యాయుడు ఆ పిల్లల ఆదివారమును చేతులారా చెరచినవాడగును.

సముద్రము ఎల్లప్పుడు ఇంత శాంతముగా ఉండునని అనుకొనరాదు. 1864 నవంబరు 1వ తేదీ రాత్రి వచ్చిన తుపానులో ఉప్పెన బందరును ముంచినది. సుమారు ముప్పదివేలమంది చనిపోయిరని లెక్క. 1977 నవంబరు 19న దివిసీమ ఉప్పెన వేలమందిని పొట్టన పెట్టుకొనినది. ఈ కారణముచేత అక్టోబరు, నవంబరు నెలలు విహారమునకు తగవు. వేసవిలో ఎండ బొగ్గుబాయి ఎండకు తీసిపోదు. డిసెంబరు మొదలు ఫిబ్రవరివరకు మంచికాలము. సంక్రాంతి వారము రద్దీ వదలి చూచుకొనవలెను.

ఎండ ముదురకముందే తీరము వదలి, ఓపిక ఉన్నచో బందరుకోట ప్రక్కనున్న డచ్చివారి శ్మశానమును చూడవచ్చును. పదునేడవ శతాబ్దపు సమాధి ఫలకములమీద వంశచిహ్నములు లోతుగా చెక్కియున్నవి. వ్యాపారమునకు వచ్చి, తిరిగి ఇల్లు చేరనివారు వారు. పెడనలో కలంకారీ అద్దకము మరియొకటి. గుడ్డను కరక్కాయ రసమున, పాలలో నానబెట్టి ఆరవేసి, చెక్కిన టేకు అచ్చులతో రంగులద్దుదురు. నలుపురంగు తుప్పుపట్టిన ఇనుమును బెల్లపునీటిలో ఊరబెట్టి తీయుదురు. పటికతో ఎరుపు తేలును. ఆదివారము పనివారును ఇంటనే ఉండవచ్చును, వారికిని విశ్రాంతి కావలెను గదా! ముందుగా కనుగొని పోవలెను. ఉపాధ్యాయులకు 1910లో వెలసిన ఆంధ్ర జాతీయ కళాశాల పేరు తెలిసినదే. పింగళి వెంకయ్య అచ్చట బోధించెను. 1923లో పట్టాభి సీతారామయ్య ఆంధ్రా బ్యాంకును స్థాపించినదియు ఈ ఊరనే. 2020లో ఆ బ్యాంకు యూనియన్ బ్యాంకులో కలిసిపోయినది. ఇవన్నియు చూడవలెనని లేదు. ఒకటి చూచి, తక్కినవి మరియొక రాకకు ఉంచుకొన్నను నష్టము లేదు.

ఆదివారము మధ్యాహ్న భోజనము కాగానే బయలుదేరవలెను. "ఇంకొక్కసారి అలలు చూచి పోదము" అని పిల్లలు పట్టుపట్టుదురు. ఇచ్చట తండ్రి గట్టిగా ఉండవలెను. విజయవాడలో బస్సు మారి, చీకటి పడిన కొంతసేపటికి సత్తుపల్లి దాటునప్పటికి చిన్నవాడు తల్లి ఒడిలో నిద్రపోవుచుండును. కొత్తగూడెము చేరి తలుపు తీయగానే చెప్పులలోని నల్లమట్టి గడపమీద రాలును. లడ్డు పొట్లములు రెండు. ఒకటి ఇంటికి, ఒకటి రెండు దినములు ఇంటిమీద కన్నువేసి ఉంచిన ప్రక్కింటివారికి. తెల్లవారుజామున గని సైరను మ్రోగును. అది ఉదయపు షిఫ్టువారికి. ఈ ఇంటివారు ప్రక్కకు ఒత్తిగిలి మరల పండుకొందురు.