నక్షత్రములను చిత్రించు చల్లని కెమేరా

గత శతాబ్దారంభమున హైదరాబాదులోని నిజామియా వేధశాలవారు ఆకాశమును గాజుపలకలపై చిత్రించి, పలుదేశములవారు గలిసి కూర్చిన నక్షత్రపట్టికకు తమవంతు భాగమును చేర్చిరి. అమెరికాలో హార్వర్డు వేధశాలయందు హెన్రియెట్టా లీవిట్ అను విదుషీమణి యట్టి పలకలను పరిశీలించియే, నక్షత్రముల దూరములను గణించుటకు మూలమైన సూత్రమును 1912లో వెల్లడించెను. నేడు ఆకాశమును చిత్రించుటకు వేధశాల యక్కరలేదు. ఇంటి మేడయే చాలును. మన సోదరీమణులలో గొందఱకు స్వయముగనే యీ యభిలాష గలుగుచున్నది. కొందఱి బిడ్డలు తల్లులను వేడుచున్నారు. కాని శీతల కెమేరాకు వేలకొలది రూపాయలు వెచ్చింపవలెను. సంసారపు సొమ్ము వ్యర్థము గాకుండ దీనిని కొనుటెట్లో మేమిచట వివరింతుము.

మొదట, కెమేరాకు చల్లదన మేల? నీహారికల కాంతి కడు స్వల్పము. ఒక్కొక్క చిత్రమునకు కెమేరాను నిమిషములకొలది తెఱచియుంచవలెను. ఆ కాలమున కాంతిని గ్రహించు సెన్సారు తన వేడిచేతనే లేని వెలుగును పుట్టించును. వేడి సుమారు 6 డిగ్రీలు హెచ్చినచో నీ దోషము రెట్టింపగును. కావున 30 డిగ్రీల వేసవిరాత్రి సెన్సారును 0 డిగ్రీలకు దింపినచో దోషము ముప్పదింట నొకవంతునకు తగ్గును. పెల్టియర్ అను విద్యుత్ సాధన మీ పనిని చేయును. దీనికి 12 వోల్టుల విద్యుత్తు ప్రత్యేకముగ నీయవలెను.

చల్లదనముకంటె స్థిరత్వము గొప్ప లాభము. మూత పెట్టి తీసిన చీకటి చిత్రములను అసలు చిత్రమునుండి తీసివేసినచో మిగిలిన దోషము పోవును. కాని రెండును ఒకే వేడిమియందు, ఒకే నిడివితో తీసినవై యుండవలెను. శీతల కెమేరాలో వేడిమి మన చేతిలో నుండును. వేసవిలో పెట్టిన ఆవకాయ యేడాదికి వచ్చునట్లు, ఆకాశము కనరాని వానకాలమున ఇంటిలో తీసియుంచిన చీకటి చిత్రములు నెలలకొలది యుపయోగించును.

ఇక నెన్నిక. క్రొత్తవారికి రంగుల కెమేరాయే మేలు. నలుపు తెలుపు కెమేరాకు ఫిల్టర్లును, వానిని త్రిప్పు చక్రమును వేఱుగ కొనవలెను. స్వల్పవ్యయమున దొరకువానిలో సోనీవారి ఐఎంఎక్స్ 533 సెన్సారు గల కెమేరాలను మేము ముందుగ జూడుమందుము. జడ్‌డబ్ల్యూఓవారి ఏఎస్ఐ 533 ఎంసి ప్రో యట్టిది. అది బయటి గాలికంటె 35 డిగ్రీలవఱకు చల్లబడును. ఐఎంఎక్స్ 294, 183 సెన్సారులలో అంచులయందు కనబడు మెఱుపు దీనిలో లేదు. 90 లక్షల పిక్సెలులే యని చిన్నచూపు చూడరాదు. సంఖ్యనుబట్టి కొనుట పొరపాటు.

దూరదర్శినికి తగినదా యని చూడవలెను. ఈ సెన్సారు ప్రక్క 11.3 మిల్లీమీటర్లు. 400 మిల్లీమీటర్ల నాభ్యంతరము గల దూరదర్శినితో సుమారు 1.6 డిగ్రీల యాకాశము, అనగా మూడు నిండుచందమామలు వరుసగ నిలుచు వెడల్పు, చిత్రమున బడును. మృగశిరలోని గొప్ప నీహారిక యిముడును. 3 డిగ్రీలు వ్యాపించిన దేవయాని గాలక్సీ యిముడదు. ఏవి చిత్రింపదలచితిమో ముందు నిశ్చయించుకొనవలెను.

వాడిన కెమేరాను కొనువారు దానిని తమయెదుట నడిపించి, అది కోరిన చల్లదనమును చేరి నిలుచునో లేదో, సెన్సారు ముందఱి అద్దముపై మంచు పేరుకొనునో పరీక్షింపవలెను.

అన్నిటికంటె ముఖ్య మొకటి. భూభ్రమణమువలన నక్షత్రములు సెకనుకు 15 ఆర్కు సెకనులు జరుగును. పై కూర్పులో నది సుమారు 8 పిక్సెలులు. ఆకాశమును వెంబడించు దృఢమైన మౌంటు లేనిచో నెంత మంచి కెమేరాయైనను గీతలనే చిత్రించును. కావున సొమ్ము పరిమితమైనచో నింటనున్న సాధారణ కెమేరాతోనే యారంభించి, మొదట మౌంటును కొనుడు. చేయి కుదిరిన పిమ్మట శీతల కెమేరాను తెచ్చుకొనవచ్చును. ఇట్లు క్రమము దప్పక కొన్నచో వస్తువు పెట్టెలో బడి యుండదు. బిడ్డల యుత్సాహమును చల్లారదు.