వజ్రమునకు పలకలు, స్వామ్యమునకు పలకలు

గ్రామపెద్దలారా,

పొలము తగవు రచ్చకట్టకు వచ్చినప్పుడు మీరు మొట్టమొదట అడుగు ప్రశ్న "ఈ పొలమెవరిది?" అని. చూచుటకది మిక్కిలి చిన్న ప్రశ్న. కాని పెక్కు తగవులు ఏండ్ల తరబడి తెగక నిలుచుటకు ఆ ప్రశ్న అడుగు తీరే కారణమని నేడు మీకు మనవి చేయదలచితిని. అందులకై మొదట ఒక వజ్రమును చేతికి తీసికొందము.

కృష్ణాతీరమున, నేటి పల్నాడు జిల్లాలో, కొల్లూరను గ్రామముండెడిది. ఇప్పుడా చోటు పులిచింతల జలాశయపు నీటిలో మునిగినది. పదునేడవ శతాబ్దిలో, గోలకొండ సుల్తానుల యేలుబడిలో, అచ్చటి వజ్రపు గనులు లోకప్రసిద్ధములు. టావెర్నియే అను ఫ్రెంచి రత్నవర్తకుడు ఆ గనులకు వచ్చి, తాను చూచినదానిని 1676లో అచ్చయిన తన యాత్రాగ్రంథమున వ్రాసెను.

గనినుండి తీసిన వజ్రము పటికబెల్లపు ముక్కవలె మసకగా నుండును. దానికి వన్నె తెచ్చువాడు సానపట్టువాడు. వజ్రమును వజ్రమే కోయగలదు గనుక, తిరుగుచున్న చక్రముపై వజ్రపుపొడిని నూనెతో కలిపి పూసి, రాతిని దానికొత్తి అరగదీయుదురు. అట్లేర్పడిన నునుపైన చదునును పలక యందము. పైనుండి లోపలికి చొచ్చిన వెలుగు అడుగు పలకకు తగిలి, అద్దమునుండి వలె మరలి, ఎదుటి పలకకు తగిలి, మరల పైకి వచ్చి మన కంటబడును. అడుగు పలకల వాలు తప్పినచో వెలుగు క్రిందికి జారిపోయి రాయి వెలవెలబోవును. ఈ వాలులను మార్సెల్ టోల్కోవ్‌స్కీ అను నతడు లెక్కకట్టి 1919లో గ్రంథము ప్రకటించెను. గుండ్రముగా తీర్చిన వజ్రమునకు నేడు సాధారణముగా 57 పలకలుండును. అడుగు మొనను కూడ చదును చేసినచో 58.

ఇట్టి వజ్రమును నలుగురి నడుమ నుంచినచో, ఒకడు తనవైపు పలకనుండి వచ్చు తెలుపును చూచును, వేరొకడు ఎరుపును, మరియొకడు నీలమును. నలుగురును నిజమే చెప్పుదురు. తాను చూచిన పలకయే వజ్రమంతయు నని పట్టుబట్టినపుడే కలహము పుట్టును.

పొలముపై మనిషికిగల స్వామ్యము కూడ ఇట్టిదే. ఈ సంగతి మన పూర్వులకు తెలియును. దానశాసనములను చదివినవారికి అష్టభోగములను మాట క్రొత్తది కాదు. నిధి, నిక్షేపము, జలము, పాషాణము, అక్షీణి, ఆగామి, సిద్ధము, సాధ్యము అని ఎనిమిదింటిని పేర్కొని, ఆ ఎనిమిదింటితోను భూమినిచ్చుచుంటిమని వ్రాయుట ఆనాటి మర్యాద. భూమి నిచ్చితినని ఒక్కమాట వ్రాసి ఊరకుండిన చాలదు. అందలి నీరెవరిది, రాయెవరిది, రాబోవు ఫలమెవరిది యని విడివిడిగా చెప్పవలెనని వారెరుగుదురు. మన కాలమున 1961లో టోనీ ఆనరే అను న్యాయశాస్త్రవేత్త స్వామ్యమునకు పదునొకండు అంగములను లెక్కించెను. స్వాధీనము, అనుభవము, ఫలసాయము, వారసులకు సంక్రమించుట మొదలగునవి అందున్నవి. పరులకు హాని కలుగునట్లు వాడరాదను కట్టుబాటును, అప్పుకై జప్తు కాదగియుండుటయు సైతము అందే యున్నవి. బరువు కూడ స్వామ్యమున ఒక పలకయే.

కావున రచ్చకట్టవద్ద ఒక ప్రశ్నకు మారుగా పెక్కు ప్రశ్నలు పుట్టవలెను. దున్నుచున్నవాడెవడు? దస్తావేజు ఎవరి పేర నున్నది? రెవెన్యూ లెక్కలో ఎవరి పేరున్నది? గట్టుమీద నడచు హక్కెవరిది? అప్పిచ్చినవాడెవడు? కౌలుదారు దున్నుచున్నాడు, అతనికున్నది అనుభవపు పలక. స్వాధీన తనఖా పట్టినవాడు పంట తీసికొనుచున్నాడు. కాని అప్పు తీర్చి పొలమును విడిపించుకొను పలక ఆసామియొద్దనే యున్నది. 1882 నాటి ఆస్తి బదిలీ చట్టము ఆ హక్కును కాపాడుచున్నది. ఇక లెక్కలో పేరున్నవాడు తానే యజమానిననును. రెవెన్యూ లెక్కలో పేరు మారినంత మాత్రమున స్వామ్యము పుట్టదని సుప్రీంకోర్టు పలుమారులు చెప్పినది. అది సాక్ష్యమునకు పనికివచ్చు ఒక పలకయే గాని వజ్రమంతయు గాదు.

ఇచ్చట టావెర్నియే వ్రాసిన మాట యొకటి జ్ఞప్తికి తెచ్చుకొనవలసియున్నది. ఇచ్చటి పనివారు రాయి నిర్మలముగా నున్నచో తూకము తగ్గునను భయమున ఊరక మెరుగుపెట్టి విడుతురట. లోపల మచ్చగాని బీటగాని యున్నచో, అది కంటబడకుండ రాతినిండ చిన్న పలకలు చెక్కుదురట. అనగా పలక వెలుగు నిచ్చుటకే గాక దోషమును దాచుటకు కూడ అక్కరకు వచ్చును.

దస్తావేజులందును ఇట్టి పలకలు గలవు. కూతురి పెండ్లికి అప్పు కావలసిన రైతు వడ్డీవ్యాపారియొద్దకు పోవును. తనఖా వ్రాయుటకు మారుగా క్రయపత్రమే వ్రాయుమని అతడు కోరును. పైకము చెల్లించినపుడు తిరిగి వ్రాసియిచ్చెదనని నోటిమాటగానో, విడికాగితముమీదనో చెప్పును. రైతు నమ్మి సంతకము చేయును. ఏండ్లు గడచి పైకము మూటగట్టి తెచ్చినపుడు, "నేను కొంటిని, ఇదిగో దస్తావేజు" అని వ్యాపారి యనును. 1929లో చేర్చిన సవరణ ప్రకారము, తిరిగి ఇయ్యవలెనను షరతు ఆ క్రయపత్రమునందే వ్రాయబడి యుండనిచో, దానిని తనఖాగా ఎంచుటకు చట్టమొప్పదు. లోపల నున్నది అప్పు. పైకి మెరయుచున్నది క్రయము. వ్రాత ముగిసి సాక్షి సంతకమునకు మిమ్ము పిలిచినపుడు ఆ ఒక్క షరతు అందున్నదో లేదో చదివి చూచినచో, ఒక కుటుంబపు భూమి నిలుచును. సంతకమైన పిమ్మట ఎంత పెద్దమనిషియు చేయగలది స్వల్పము.

మరియొక విశేషము. పలక రాతితో పుట్టలేదు, మనిషి చెక్కినది. చెక్కినదానిని మరల చెక్కవచ్చును. గోలకొండ సీమదని ప్రసిద్ధిగాంచిన కోహినూరు వజ్రమును 1851లో లండను ప్రదర్శనమున నుంచినపుడు, అనుకొన్నంత కాంతి లేదని జనులు పెదవి విరచిరి. 1852లో దానిని మరల సానపట్టించిరి. నేటి తూకమున సుమారు 191 కారట్లుండిన రాయి 105.6 కారట్లకు దిగినది. తూకము పోయినది, వెలుగు వచ్చినది.

చట్టము సైతము పాత రాతిపై క్రొత్త పలకలు చెక్కును, ఉన్నవానిని చెరుపును. నిధి యను భోగమును చూడుడు. 1878 నాటి చట్టముచేత, పదిరూపాయలకు మించిన నిధి దొరికినవాడు కలెక్టరుకు తెలుపవలసినవాడయ్యెను. ఇక హిందూ అవిభక్త కుటుంబమున కుమార్తెకు పుట్టుకతో హక్కను పలక పూర్వమున లేదు. 1985 నుండి అమలైన ఆంధ్రప్రదేశ్ సవరణ, అప్పటికి పెండ్లికాని కుమార్తెలకు దానిని చెక్కినది. 2005లో కేంద్రచట్టము పెండ్లియైనవారికిని కానివారికిని దేశమంతట ఆ హక్కునిచ్చినది. అన్నదమ్ములకు భాగము తగ్గిన మాట నిజమే. తూకము పోక పలక ఏర్పడదు. కాని అంతవరకు చీకటిలోనుండిన వైపునుండి వెలుగు వచ్చినది. "ఆడపిల్లకు కట్నమిచ్చితిమి గదా, ఇంకేమి?" అను మాట మీ యెదుట ఎవరైన పలికినచో, ఆ పలక యొకటి ఉన్నదని గుర్తుచేయుట మీ ధర్మము.

సానపట్టువాడు రాతిని చక్రమున కొత్తుటకు ముందు చాలసేపు దానిని వ్రేళ్ల నడుమ త్రిప్పి త్రిప్పి చూచును. అరగదీసినది మరల అతుకదు గదా. మీరును తీర్పుమాట పలుకుటకు ముందు పొలమును అట్లే త్రిప్పి చూడుడు. దున్నువాని వైపునుండి, అప్పిచ్చినవాని వైపునుండి, దారిన నడచువాని వైపునుండి, రచ్చకట్టకు రాక యింట కూర్చున్న ఆడబడుచు వైపునుండి చూచిన పిమ్మట, పొలమెవరిదని అడుగుడు.