కాలిపోగా మిగిలిన అమృత

జనవరి 30న చిత్రకారిణి అమృతా షేర్‌గిల్ పుట్టినరోజు. భోగికి ముందు వచ్చే ఆదివారం సంచికకు ఆమె మీద ముఖచిత్ర కథనం కావాలని, బుధవారం సాయంత్రానికి కాపీ అందాలని ఎడిటర్ గారు చెప్పారు. 2023లో ఆమె చిత్రం ‘ది స్టోరీ టెల్లర్’ వేలంలో 61.8 కోట్ల రూపాయలు పలికిన సంగతితో ఎత్తుకోమన్నారు. అలాగే ఎత్తుకున్నాను. రెండు పేరాలు అయ్యాక ఆమె ఉత్తరాల పుస్తకం తెరిచాను. అమృత చెల్లెలు ఇందిర కొడుకు, చిత్రకారుడు వివాన్ సుందరం 2010లో రెండు పెద్ద సంపుటాలుగా వెలువరించిన పుస్తకమది. అది తెరిచాక కోట్ల లెక్క మీదికి మనసు మళ్ళలేదు. ఆ రెండు పేరాలూ కొట్టేశాను.

నన్ను ఆపేసిన ఉత్తరం 1938 నాటిది. ఆ ఏడాది అమృత హంగరీ వెళ్ళింది. అక్కడ తల్లి తరఫు బంధువు, వైద్యుడు అయిన విక్టర్ ఎగాన్‌ను పెళ్ళి చేసుకుంది. ప్రయాణానికి సామాను ఎక్కువైందని తనకు వచ్చిన ఉత్తరాలన్నీ సిమ్లా ఇంట్లోనే వదిలి వెళ్ళింది. ఆమె అటు వెళ్ళాక తల్లిదండ్రులు ఆ కట్టలు విప్పారు, చదివారు, తగలబెట్టారు. స్నేహితుల జాబులు, ప్రేమలేఖలు, జవాహర్‌లాల్ నెహ్రూ రాసినవి అన్నీ ఆ మంటలోకే వెళ్ళాయి. కబురు తెలిశాక ఆమె తండ్రికి రాసిన జవాబు మనకు దక్కింది.

అందులో ఏడుపు లేదు, శాపనార్థాలు లేవు. కొంచెం దెబ్బ తగిలినట్టయిందని ఒప్పుకుంటుంది. తన పాపాలకు సాక్ష్యాలని భయపడి వాటిని వదిలి రాలేదనీ, పెట్టెలు బరువెక్కుతాయనే వదిలి వచ్చాననీ చెబుతుంది. ముసలితనంలో పాత ప్రేమలేఖలు చదువుకుని కాలక్షేపం చేసే భాగ్యం తనకిక లేదనీ, ఆ వెలితితోనే సర్దుకోవాలనీ రాస్తుంది. ఇది రాసేనాటికి ఆమెకు పాతికేళ్ళు. ఇంకో మూడేళ్ళకే, 1941 డిసెంబర్ 5 రాత్రి, లాహోర్‌లో కన్నుమూసింది. ఇరవై ఎనిమిదేళ్ళు నిండాయంతే. ముసలితనం అన్న మాట దగ్గర నేను చాలాసేపు ఆగిపోయాను.

తగలబెట్టింది ఎవరు? పగవాళ్ళు కాదు. తండ్రి ఉమ్రావ్ సింగ్ సంస్కృతం, పారశీకం చదువుకున్న పండితుడు. కెమెరా అంటే ప్రాణం. కూతురి పసితనం నుంచి ఆమె ముఖాన్ని వందల ఫొటోల్లో దాచిపెట్టిన మనిషి. అమృత నవ్వు, చీరకట్టు, ఈజెల్ ముందు నిలబడిన తీరు మనకు తెలుసంటే ఆయన చలవే. ఆయన ఇంట్లోనే ఆమె ఉత్తరాలు బూడిదయ్యాయి. బిడ్డ పరువు కాపాడుతున్నాననుకుని ఉంటారు. ఆ ప్రేమను నేను శంకించను. చేసిన పనిని మాత్రం క్షమించలేను.

చరిత్రను చకచకా చెప్పేస్తాను. 1913లో బుడాపెస్ట్‌లో పుట్టింది. తల్లి మేరీ ఆంత్వానెత్ హంగరీ గాయని, తండ్రి పంజాబ్ మజీఠియా వంశం. 1921లో కుటుంబం సిమ్లా చేరింది. 1929లో చిత్రకళ చదువుకు పారిస్. అక్కడ వేసిన ‘యంగ్ గర్ల్స్’కు 1933లో గ్రాండ్ సలోన్ బంగారు పతకం. 1934 చివర మళ్ళీ ఇండియా, 1936–37 చలికాలంలో దక్షిణాది ప్రయాణం, ఆ తర్వాత ‘బ్రహ్మచారులు’, ‘పెళ్ళికూతురి అలంకరణ’. 1976లో ప్రభుత్వం ఆమె చిత్రాలను జాతీయ కళాసంపదగా ప్రకటించింది. మిగతాది పాఠ్యపుస్తకాల్లో ఉంది.

అమృత పేరెత్తితే ప్రేమికుల జాబితా ఏకరువు పెట్టడం మన పత్రికలకు అలవాటు. నాకు ఆ వరస ఎప్పుడూ నచ్చలేదు. ఆమె చుట్టూ ఉన్నవాళ్ళను ఆమె ఎలా చూసిందన్నది నాకు ముఖ్యం. స్టేట్స్‌మన్ పత్రికలో పనిచేసిన మాల్కం మగ్గరిడ్జ్ 1935లో సిమ్లాలో పరిచయమయ్యాడు. అతని ముఖం వేసింది, ఆ పోర్ట్రెయిట్ మిగిలింది. నెహ్రూను మాత్రం ఎన్నడూ వేయలేదు. ఎందుకు వేయలేదని అడిగితే, మరీ అందగాడు కాబట్టి అందట. ముచ్చటకు అన్న మాటలా ఉంటుంది కానీ నేను నమ్ముతాను. ఆమె వేసిన ముఖాలన్నిటిలో ఏదో దిగులు ఉంటుంది. చూడగానే మెప్పించే ముఖంతో ఆమెకు పని లేదు.

నెహ్రూ ఆమెకు రాసినవి కాలిపోయాయి కానీ ఆమె నెహ్రూకు రాసిన ఒక ఉత్తరం ఉంది. 1937 నవంబర్ నాటిది. ఆయన తన ఆత్మకథ పంపినందుకు కృతజ్ఞత చెబుతూ, మామూలుగా తనకు జీవిత చరిత్రలు, ఆత్మకథలు పడవని మొహమాటం లేకుండా రాస్తుంది. మీది మాత్రం నచ్చుతుందనుకుంటున్నానంటుంది. సముద్రాన్ని మొదటిసారి చూశానని చెప్పగల మనిషి మీరు, ఇంకొకరైతే సముద్రమే తమను మొదటిసారి చూసిందని రాసుకునేవారు అని కారణం చెబుతుంది. రంగుల్లో కాకపోయినా మాటల్లో నెహ్రూను దించలేదని ఎలా అనగలం?

ఆ ఉత్తరం ఎందుకు బతికింది? అది సిమ్లాలో లేదు గనక. మన చేతిరాత మన ఇంట్లో ఉండదు, అవతలివాళ్ళ ఇంట్లో ఉంటుంది. బొంబాయి న్యాయవాది, కళావిమర్శకుడు కార్ల్ ఖండాలావాలాకు ఆమె రాసినవీ అలాగే నిలిచాయి. 1936 నవంబర్‌లో బొంబాయిలో పరిచయమైన దగ్గర్నుంచి ఆయనకు తన బొమ్మల గురించి, మొగలు, బసోలీ సూక్ష్మచిత్రాల గురించి విడవకుండా రాసింది. 1944లో ఆయన ఆమె మీద పుస్తకం తెచ్చారు.

బాక్స్: సిమ్లా బహుమతి
1935లో సిమ్లా ఫైన్ ఆర్ట్స్ సొసైటీ ప్రదర్శనకు పది చిత్రాలు పంపింది. ఐదింటిని తిప్పి పంపి, ఉంచుకున్నవాటిలో ఒకదానికి బహుమతి ఇచ్చారు. ఆ బహుమతి సొమ్మును ఉత్తరం జతచేసి వెనక్కి పంపేసింది. అప్పటికి ఆమెకు ఇరవై రెండేళ్ళు.

బాక్స్: దగ్గరివాళ్ళ ముఖాలు
‘యంగ్ గర్ల్స్’లో ఒకరు చెల్లెలు ఇందిర, రెండో అమ్మాయి పారిస్ స్నేహితురాలు డెనీస్ ప్రూతో. తోటి విద్యార్థి బోరిస్ తస్లిట్‌స్కీ, తండ్రి ఉమ్రావ్ సింగ్, భర్త విక్టర్ కూడా ఆమె కుంచెకు కూర్చున్నవారే. ఆమె చిత్రాల్లో ఎక్కువ భాగం ఢిల్లీలోని నేషనల్ గ్యాలరీ ఆఫ్ మోడర్న్ ఆర్ట్‌లో ఉన్నాయి.

ఇక మన హైదరాబాద్ ముచ్చట. 1936 చివర్లో చిత్రకారుడు బరదా ఉకీల్‌తో కలిసి అమృత చిత్రాలు పట్టుకుని దక్షిణాదికి బయల్దేరింది. ముందు అజంతా, ఎల్లోరా చూసింది. ఇండియాకు తిరిగొచ్చాక ఇంకొకరి పని నుంచి తను నేర్చుకున్నది అక్కడే మొదటిసారి అని ఇంటికి రాసింది. ఆ వేడిమీదే హైదరాబాద్‌లో ప్రదర్శన పెట్టింది. నవాబ్ సాలార్‌జంగ్ ఆమె చిత్రాలు రెండు తన దగ్గర ఉంచుకున్నారు. తన సేకరణ చూపించి ఎలా ఉందని అడిగారు. లేటన్, వాట్స్, బూగరో వంటి పందొమ్మిదో శతాబ్దపు యూరప్ చిత్రకారుల బొమ్మలవి. ఆమెకు ఆ నున్నటి, తియ్యటి బొమ్మలంటే పరమ ఏవగింపు. ఉన్నదున్నట్టు చెప్పేసింది. కొన్నాళ్ళకు ఆ రెండు చిత్రాలూ తిరిగొచ్చాయి. ఇదంతా మనకు ఆమె ఉత్తరాల వల్లే తెలుసు.

డబ్బు అక్కర్లేక కాదు. అంత దూరం చిత్రాలు మోసుకొచ్చింది అమ్ముడుపోతాయన్న ఆశతోనే. చిన్న అబద్ధం, కనీసం చిన్న మౌనం, ఆమె బేరాన్ని నిలబెట్టేవి. అమృతకు చేతకాని పని అదొక్కటే.

నేను సాలార్‌జంగ్ మ్యూజియం పిచ్చివాణ్ణి. వేసవి సెలవుల్లో నాన్నతో వెళ్ళి, గడియారంలో బొమ్మ బయటికొచ్చి గంట కొట్టే వేళకు జనం మధ్య మునివేళ్ళ మీద నిలబడేవాణ్ణి. ముసుగు రెబెక్కా శిల్పం పాలరాతి చెంప నాకిప్పటికీ కళ్ళకు కట్టినట్టు ఉంటుంది. అయినా ఈ తగువులో అమృత వైపే. నవాబుగారి నష్టం మన నష్టం కూడా: ఆ రెండు చిత్రాలూ ఆనాడు నవాబుగారి నివాసం దివాన్ దేవిడీలో ఉండిపోయి ఉంటే, 1951 డిసెంబర్ 16న మ్యూజియం తెరిచినప్పుడు అక్కడే వేలాడేవేమో. ఆ రోజు మ్యూజియం ప్రారంభించింది నెహ్రూయే.

పాఠకులకు ఒక విన్నపం. 1936 చివర్లో ఆ ప్రదర్శన చూసిన హైదరాబాదీలు ఎవరో ఒకరు ఆ రాత్రి ఇంటికి ఉత్తరం రాసే ఉంటారు. ఉర్దూలో, తెలుగులో, ఇంగ్లీషులో. పట్టుచీర కట్టిన పంజాబీ అమ్మాయి గురించి, ఆమె బొమ్మల్లోని దిగులు కళ్ళ గురించి ఒక్క ముక్కైనా రాసి ఉంటారు. మీ తాతగారి ట్రంకుపెట్టెలోనో, అటక మీదనో, ఇనప తీగకు గుచ్చిన పాత కార్డుల కట్ట ఉండొచ్చు. పండక్కి ఇల్లు దులిపేటప్పుడు దాన్ని భోగిమంటలో వేయకండి. విప్పి చదవండి. ఆ ప్రదర్శన గురించి ఒక్క వాక్యం కనిపించినా మాకు రాయండి.