రెండు బటన్ల ఫ్లష్ ట్యాంకు ఇంటికి లాభమేనా?



ఎండాకాలంలో బోరు ఎండిపోతే మన చెంగిచెర్లలో ట్యాంకరు నీళ్ళు కొనక తప్పదు. మరి నీళ్ళు పొదుపు చేసే టాయిలెట్ పెట్టించుకోవడం మంచిదేనా?

పాత ఫ్లష్ ట్యాంకు ఒక్కసారి నొక్కితే సుమారు 10 లీటర్లు వదులుతుంది. రెండు బటన్ల ట్యాంకులో మూత్రానికి 3, మలానికి 6 లీటర్లు చాలు. ఇంట్లో ఐదుగురు ఉండి, ఒక్కొక్కరు రోజుకు నాలుగుసార్లు చిన్న బటన్, ఒకసారి పెద్ద బటన్ నొక్కితే 250 లీటర్లకు బదులు 90 లీటర్లే ఖర్చవుతాయి. నెలకు 4,800 లీటర్లు మిగులుతాయి. అంటే దాదాపు 5,000 లీటర్ల ట్యాంకరు ఒకటి! నీళ్ళు కొనే ఇంటికి ఇది లాభమే.

మగ్గుతో నీళ్ళు పోసే ఇండియన్ టాయిలెట్ ఉన్నవారు మార్చనవసరం లేదు. పాత సీటు ఉంచి ట్యాంకు మాత్రమే మారిస్తే తక్కువ నీటికి మలం పోకపోవచ్చు. ముందుగా ప్లంబరును అడగండి. ట్యాంకులో రంగు నీళ్ళు కలిపి, పావుగంట ఫ్లష్ చేయకుండా చూడండి. సీటులోకి రంగు దిగితే ట్యాంకు కారుతున్నట్టే. ముందు అది బాగుచేయించండి.

ఒక్క మాట మరువకండి. పొదుపు ట్యాంకులోనే చేయాలి, శుభ్రతలో కాదు. నీళ్ళు లేవని తాగడం తగ్గించినా, మూత్రం ఆపుకున్నా మూత్రంలో ఇన్ఫెక్షన్ రావచ్చు. సబ్బుతో చేతులు కడగడం మానకండి. ఇంట్లో ఎవరికైనా విరేచనాలవుతుంటే మూత వేసి, పెద్ద బటనే నొక్కండి.

ఐదువేలమందికి ఆహారం పెట్టిన తరువాత ప్రభువు మిగిలిన ముక్కలను కూడా పోగుచేయించారు. దేవుడిచ్చిన నీటిని మనమూ వ్యర్థం చేయకుండా వాడుకుందాము.