కాలు ఆపనివ్వని సైకిలు

ఆషాఢంలో విడపనకల్లుకు వానకంటే ముందు గాలి వస్తుంది. చాలా ఏళ్ళు ఆ గాలే మిగులుతుంది. నైరుతి మబ్బు తన నీళ్ళను పడమటి కనుమల మీదే దింపేసి, ఒట్టి చేతులతో అనంతపురం మెట్టకు చేరుతుంది. ఉరవకొండ, వజ్రకరూరు చుట్టూ గాలిమరలు నాటింది ఈ గాలిని నమ్ముకునే. దానికి ఎదురు సైకిలు తొక్కినవాడి మోకాళ్ళకే పళ్ళ చక్రం విలువ తెలుసు.

నేను చెప్పేది ఫ్రీవీలు లేని సైకిలు గురించి. దానిలో వెనక పళ్ళ చక్రం హబ్బుకు బిగిసి ఉంటుంది. బండి కదిలినంతసేపూ పెడళ్ళు తిరగాల్సిందే. వాలులో కాళ్ళు ఆపి జారిపోవడం కుదరదు. నగరాల కుర్రకారు దీన్ని 'ఫిక్సీ' అని కొత్తగా ముచ్చటపడుతున్నారు గానీ, సైకిలు పుట్టిందే ఇలా.

మొదట్లో పెడళ్ళు ముందు చక్రం ఇరుసుకే ఉండేవి. ఒక తొక్కుకు చక్రం ఒక్క చుట్టు. వేగం కావాలంటే చక్రాన్నే పెంచాలి. అలా పెరిగి పెరిగి అది మనిషి భుజం ఎత్తుకు వచ్చింది, కాలు అందనిచోట ఆగింది. 1880లో మాంచెస్టర్‌లో హాన్స్ రెనాల్డ్ రోలర్ చైనుకు పేటెంటు తీసుకున్నాడు. 1885లో కోవెంట్రీలో జాన్ కెంప్ స్టార్లీ తన రోవర్ సైకిలు వెనక చక్రాన్ని చైనుతో తిప్పాడు. ఇక చక్రాన్ని పెంచే పని లేదు, పళ్ళు మారిస్తే చాలు. ఫ్రీవీలు వాడుకలోకి రావడానికి ఇంకో పదిహేనేళ్ళు పట్టింది.

మన నల్ల సైకిలుకు మామూలుగా ముందు 44 పళ్ళు, వెనక 18. పెడలు ఒక చుట్టు తిరిగితే చక్రం 2.44 చుట్లు తిరుగుతుంది, బండి సుమారు 5.4 మీటర్లు సాగుతుంది. నిమిషానికి 60 చుట్లు తొక్కితే గంటకు 19 కిలోమీటర్ల పైచిలుకు. పప్పుశనగ మూట కట్టుకుని పోయేవాడికి ఇది సరిపోయిన లెక్క. ఫిక్సీలకు ఎక్కువగా పెట్టే 48, 16 జత మూడింతలు తిప్పుతుంది. చదును రోడ్డు మీద బాగుంటుంది, మన గాలికి మాత్రం తొడలు పట్టేస్తాయి. 2022లో ఫిలిప్పో గన్నా గంటలో 56.792 కిలోమీటర్లు తొక్కి రికార్డు సృష్టించినప్పుడు ముందు 65, వెనక 14 పళ్ళు పెట్టుకున్నాడు. అది నాలుగు గోడల మధ్య, గాలి వీచని ట్రాకు. హైదరాబాదులో 2002 జాతీయ క్రీడల కోసం ఉస్మానియా విశ్వవిద్యాలయంలో కట్టిన వెలోడ్రోమ్ (సైకిలు పందాల ట్రాకు) వంటి చోట్ల పరుగెత్తే సైకిళ్ళు కూడా ఫ్రీవీలు లేనివే, బ్రేకులూ ఉండవు.

పళ్ళు ఎంచేటప్పుడు ఒక చిన్న గణితం నాకు ఎప్పటికీ విసుగు పుట్టించదు. కాళ్ళతో పెడళ్ళను అడ్డగించి వెనక చక్రాన్ని ఈడ్చి ఆపేవాళ్ళకు 48, 16 జత చేటు. ఆ భిన్నాన్ని కుదిస్తే 3/1. అంటే ఒక కాలు ముందుంచి ఆపిన ప్రతిసారీ టైరు అదే చోట నేలకు రాసుకుంటుంది, వారాల్లో అక్కడ దారాలు తేలతాయి. 48 బదులు 47 పెడితే భిన్నం కుదరదు, ఆ అరుగుదల 16 చోట్లకు పంచబడుతుంది. ఒక్క పన్ను తేడా!

పళ్ళు మార్చాలంటే వెనకవే మార్చడం మేలు. వెనక ఒక పన్ను తగ్గిస్తే ముందు దాదాపు మూడు పెంచినట్టు. పైగా నల్ల సైకిలుకు ముందు పళ్ళ చక్రం కుడి క్రాంకుతో కలిసే వస్తుంది, కాటర్ పిన్ను కొట్టి మొత్తం ఊడదీయాలి. ట్రాక్ సైకిలుకైతే ఐదు బోల్టులు విప్పితే చాలు. చైను ఎక్కడైనా అరంగుళం లింకులదే, వెడల్పులోనే తేడా. సన్న పళ్ళ మీద వెడల్పు చైను నడుస్తుంది, వెడల్పు పళ్ళ మీదకు సన్న చైను దిగదు. ముందు పళ్ళూ వెనక పళ్ళూ ఒకే గీతలో లేకపోతే చైను గరగరమంటుంది, ఒకరోజు ఊడుతుంది.

నల్ల సైకిలు వెనక ఫోర్కులో ఇరుసును వెనక్కి జరిపి చైను బిగించుకునే వీలుంది. అందుకే ఫ్రీవీలు తీసేసి ఫిక్సీ చేద్దామని ఎవరికైనా అనిపిస్తుంది. ఫ్రీవీలుకు వెల్డింగు పెట్టించేవాళ్ళూ ఉన్నారు. దయచేసి ఆ పని చేయకండి. ఆ హబ్బుకు ఉన్నది ఒకే మర. ముందుకు తొక్కితే బిగుస్తుంది, ఆపాలని వెనక్కి అదిమితే విప్పుకుంటుంది. ట్రాక్ హబ్బుకు దాని పక్కనే ఎడమ మరతో ఇంకో రింగు ఉంటుంది, అది పళ్ళ చక్రాన్ని కదలనివ్వదు. ఆ రింగు లేని హబ్బు వాలులో ప్రాణం తీస్తుంది. రోడ్డు మీద ముందు బ్రేకు తప్పనిసరి. పంచె కట్టినవాళ్ళు చైను కవరు తీయకూడదు. ఫ్రీవీలు ఉంటే కాలు ఆపి పంచె విడిపించుకోవచ్చు, ఫిక్సీలో చక్రం ఆగేదాకా చైను లాగుతూనే ఉంటుంది.

విడపనకల్లు నుంచి పడమరగా బళ్ళారి దారి పట్టేవాళ్ళకు నేనైతే 44, 18 జతే చెబుతాను. పోయేటప్పుడు గాలి ఎదురు. తిరిగి వచ్చేటప్పుడు అదే గాలి వీపున తోసి గంటకు 30 కిలోమీటర్లు పరుగెత్తిస్తే, కాళ్ళు నిమిషానికి 93 చుట్లు తిరగాలి. అంతవరకు తిప్పగలం.