జ్ఞాపకము, సాక్ష్యము, కాపరి ప్రశ్న: ఎలిజబెత్ లోఫ్టస్ పరిశోధనల పరిశీలన

విశ్వాసులు తమ గతమును జ్ఞాపకము చేసికొని చెప్పే మాటలను కాపరులు ప్రతిదినము వింటారు. ఆ మాటలను బట్టి ప్రార్థిస్తారు, సలహా ఇస్తారు, కొన్నిసార్లు తీర్పు కూడా చెబుతారు. కావున జ్ఞాపకము ఎట్లు పనిచేయునో తెలిసికొనుట పరిచర్యకు అవసరము. ఈ వ్యాసములో అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్త ఎలిజబెత్ లోఫ్టస్ ప్రచురణలలో మూడింటిని పరిచయము చేసి, అవి సంఘమునకు నేర్పు పాఠమును పరిశీలిస్తాము.

1. ప్రశ్నలోని మాట

1974లో లోఫ్టస్, జాన్ పామర్ కలిసి 150 మంది విద్యార్థులకు కారు ప్రమాదపు చిత్రమును చూపించారు. కార్ల వేగమెంత అని అడుగుచు 50 మందితో "ఢీకొన్నప్పుడు" అనియు, మరి 50 మందితో "నుజ్జునుజ్జుగా గుద్దుకొన్నప్పుడు" అనియు అన్నారు. మిగిలిన 50 మందిని వేగము గూర్చి అడుగలేదు. వారము తరువాత, పగిలిన గాజును చూచారా అని అందరినీ అడిగారు. చిత్రములో గాజు లేదు. అయినను రెండవ గుంపులో 16 మంది, మొదటి గుంపులో 7గురు, మూడవ గుంపులో 6గురు చూచామన్నారు.

2. జరుగని సంఘటన

1995లో లోఫ్టస్, జాక్వెలిన్ పిక్రెల్ 24 మందికి వారి బాల్యములోని నాలుగు సంఘటనలను వ్రాసి ఇచ్చారు. మూడు కుటుంబ సభ్యులు చెప్పిన నిజములు. ఒకటి కల్పితము: సుమారు ఐదేండ్ల ప్రాయములో పెద్ద దుకాణ సముదాయములో తప్పిపోవుట. మొదట 7గురు ఇది పూర్తిగానో కొంతవరకో జ్ఞాపకమున్నదన్నారు. ఎక్కువమంది లేదన్నారనుట కూడా మరువరాదు.

3. నమ్మకము, ఇష్టము, ప్రవర్తన

2005లో లోఫ్టస్, సహ పరిశోధకులు చిన్నప్పుడు స్ట్రాబెర్రీ ఐస్‌క్రీమ్ తిని జబ్బుపడ్డారని కొందరికి సూచించారు. దానిని నమ్మినవారిలో ఆ పదార్థము పట్ల ఇష్టము తగ్గినది, తినకుండా మానుకొందుమన్నారు. జరుగని గతము నేటి నిర్ణయమును మలచగలదని దీని భావము.

4. సంఘమునకు హెచ్చరిక

లోఫ్టస్ 1997లో వ్రాసిన ఒక వ్యాసములో మిస్సోరి రాష్ట్రపు ఉదంతమున్నది. 1992లో ఒక సంఘ సలహాదారు వద్దకు వెళ్లిన యువతి, సేవకుడైన తన తండ్రి తనను ఏండ్ల తరబడి చెరిచినట్లు "జ్ఞాపకము" తెచ్చుకొన్నది. తండ్రి పదవిని విడువవలసి వచ్చినది. 22 ఏండ్ల ఆమె కన్య అని తరువాత వైద్య పరీక్షలో తేలినది. 1996లో ఆమెకు పది లక్షల డాలర్ల పరిహారము లభించినది.

ఇది దూరదేశపు సంగతి అని మనము అనుకొనరాదు. "మీ మీద ఎవరో చేతబడి చేయించారు, ఎవరో ఆలోచించండి" అని ప్రార్థనలో అడిగిన మాట ఒక కుటుంబమును రెండుగా చీల్చగలదు. అడిగినవాని అనుమానమే వినువాని జ్ఞాపకమగును.

5. మరియొక ప్రక్క

లోఫ్టస్‌పై విమర్శలు కలవు. 2020లో హార్వీ వైన్‌స్టీన్ విచారణలో ఆమె ప్రతివాది పక్షమున సాక్ష్యమిచ్చారు. ఆమె పరిశోధన నిజమైన బాధితుల నోరు మూయుటకు వాడబడుచున్నదని పలువురి ఆవేదన. జ్ఞాపకము పొరబడవచ్చుననుట ఒకటి, బాధితురాలు అబద్ధమాడుచున్నదనుట వేరొకటి. బిడ్డ ఫిర్యాదు చేసినచో కాపరి తానే మరల మరల విచారింపక, 2012 నాటి పోక్సో చట్టము ప్రకారము పోలీసులకు తెలియజేయవలెను.

ముగింపు

ఇద్దరు ముగ్గురు సాక్షులుండవలెనని ధర్మశాస్త్రము నియమించినది (ద్వితీ. 19:15), యేసుప్రభువు సంఘమునకును అదే చెప్పెను (మత్తయి 18:16). మనుష్యుని జ్ఞాపకమునకు హద్దులున్నవని లేఖనము ఎరుగును. కావున "ఏమి జరిగినదో చెప్పండి" అని మాత్రమే అడుగుదము. జవాబును మనము అందింపక, వారి మాటలలోనే విందము. సమస్తమును ఎరిగినవాడు దేవుడొక్కడే. ఆ స్థానములో మనము కూర్చుండకుందుము గాక.