కారు లైసెన్సుపై ద్విచక్రారోహణము

హైదరాబాదు నుండి నాగార్జునసాగరమునకు పోవు రహదారిపై, ఇబ్రహీంపట్నము పరిసరములందలి ఇంజనీరింగు కళాశాలల ముంగిళ్లలో బారులు తీరి నిలుచు మోటారు సైకిళ్లలో యజమాని యొక్కడే నడుపునవి కొన్ని, మిత్రుల చేతులు మారునవి కొన్ని. తండ్రి కారు నడుపుటకై లైసెన్సు పుచ్చుకొన్న యువకుడు స్నేహితుని బండి తాళ మడుగుచు, "కారే నడుపుతున్నం, బండి ఒక లెక్కనా?" యనుట వింత గాదు. పెద్దదానిని లొంగదీసినవానికి చిన్నది సులభమని తోచుట మానవసహజమే యైనను, చట్ట మీ తర్కము నంగీకరింపదు.

1989 జూలై 1 నుండి అమలులోనికి వచ్చిన 1988 నాటి మోటారు వాహనముల చట్టము, తాను నడుపు వాహనమునకు అధికార మిచ్చు లైసెన్సు లేనిదే ఎవ్వడును బహిరంగ స్థలమున దానిని నడుపరాదని 3వ సెక్షనులో శాసించి, 10వ సెక్షనులో గేర్లు లేని మోటారు సైకిలు, గేర్లున్న మోటారు సైకిలు, తేలికపాటి మోటారు వాహనము, రవాణా వాహనము మొదలుగా తరగతులను వేర్వేరుగా పేర్కొన్నది. కారు తేలికపాటి వాహనము, లైసెన్సు కార్డుపై 'ఎల్.ఎం.వి.' యని యుండునది అదియే. ఆ మూడక్షరములే యున్న కార్డు గలవాడు గేర్ల బండి మాట యటుంచి, స్కూటరు నెక్కుటకును అర్హుడు గాడు.

ఇందొక విడ్డూరము గలదు. ఎల్.ఎం.వి. లైసెన్సు గలవాడు 7,500 కిలోలకు మించని రవాణా వాహనమును సయితము నడుపవచ్చునని సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనము 2024 నవంబరు 6న తీర్పు చెప్పినది. ఏడున్నర టన్నుల వాహనమునకు చాలిన కార్డు నూరు కిలోల పైచిలుకు స్కూటరునకు చాలదన్నమాట! ఆలోచించినచో ఇది న్యాయముగనే తోచును; ఎడ్లబండి తోలుటలో ఆరితేరినవాడైనను గుఱ్ఱపు స్వారి వేరుగా నేర్వవలసినదే గదా. కారు తనంతట తాను నిలుచును. మోటారు సైకిలు నిలుచుట నడుపువాని శరీరభారము మీదను, వేగము మీదను, మలుపులో దాని నొరగించు నేర్పు మీదను ఆధారపడియుండును. ముందు బ్రేకును వెనుక బ్రేకును ఏ పాళ్లలో నొక్కవలెనో కారు పెడలు నేర్పజాలదు. 2022లో దేశమున రోడ్డు ప్రమాదములందు మరణించిన 1,68,491 మందిలో నూటికి 44 మందికి పైగా ద్విచక్రవాహనములపై నున్నవారే. సాగరు రహదారిపై బొంగ్లూరు వద్ద ఔటర్ రింగు రోడ్డుపైకి కార్లను పోనిచ్చి ద్విచక్రవాహనములను వారించుటలోను ఈ భేదమే గోచరించును.

2019 సవరణ ననుసరించి, తగిన లైసెన్సు లేక నడుపువానికి 5,000 రూపాయల జరిమానా గాని, మూడు నెలల వరకు కారాగారము గాని, రెండును గాని విధింపవచ్చును. అట్టివానికి తెలిసి బండి నిచ్చిన యజమానికిని శిక్ష గలదు. జరిమానాతో తీరిపోయిన అదృష్టమే. అసలు భారము ప్రమాదము జరిగిన పిదప వచ్చును. భారీ వాహనముల లైసెన్సు మాత్రమే కలిగిన యొకడు స్కూటరు నడుపుచు ప్రమాదమునకు కారకుడైన వ్యాజ్యమున (జహరున్నీసా కేసని న్యాయవాదు లెరుగుదురు) 2008లో సుప్రీంకోర్టు, ఆ లైసెన్సు స్కూటరునకు చెల్లదనియు, బీమా కంపెనీకి బాధ్యత లేదనియు నిర్ణయించి, బాధిత కుటుంబము దిక్కులేనిది కాకుండ పరిహారమును ముందుగా కంపెనీయే చెల్లించి, ఆ సొమ్మును పిదప బండి యజమాని యొద్ద రాబట్టుకొనవలెనని ఆదేశించినది. అనగా స్నేహధర్మముగా తాళమిచ్చినవాడు లక్షల రూపాయల ఋణమును నెత్తిన వేసికొనవలసి వచ్చును. నడిపినవాడే యజమాని యగునెడల అతని ప్రాణమునకై పాలసీలో నుండు 15 లక్షల వ్యక్తిగత ప్రమాద బీమాయు చెల్లుబాటగు లైసెన్సు నపేక్షించునదే. కావున ఆ కుటుంబమునకు అదియు సందేహాస్పదమే.

లోకమంతట నిట్లే లేదు. ఇటలీలో కారు లైసెన్సుతోనే 125 సీసీ బండిని నడుపవచ్చును. స్పెయినులో అట్టి బండికి కారు లైసెన్సు పొంది మూడేండ్లయిన చాలును. తెలుగువారనేకులు స్థిరపడిన టెక్సస్‌లో మాత్రము మోటారు సైకిలునకు 'ఎం' తరగతి వేరుగా నుండవలెను. ఐరోపా వెసులుబాటు మనకును వలయునందురు కొందరు. మన రహదారులను చూచినచో ఆ కోరిక నాకు రుచింపదు.

మార్గము కష్టమైనదియు గాదు. ఉన్న లైసెన్సునకే కొత్త తరగతిని చేర్చుటకు 11వ సెక్షను వీలు కల్పించినది. రవాణా శాఖ వద్ద ఎల్‌ఎల్‌ఆర్ అను అభ్యాసకుని లైసెన్సు పుచ్చుకొని, బండికి 'ఎల్' ఫలకము తగిలించి, శిక్షకుని తప్ప మరెవ్వరిని వెనుక నెక్కించుకొనక ముప్పది దినములు సాధన చేసి, ఆరు నెలల గడువులోపల 'ఎనిమిది' ఆకారపు బాటపై కాలు నేలమోపక బండి నడిపి చూపినచో చాలును. అంతవరకు, ఇబ్రహీంపట్నపు యువకులారా, స్నేహితుడు తాళమడిగినప్పుడు మొగమాటపడక కార్డు చూపుమనుడు. అందులో మోటారు సైకిలు తరగతి లేనియెడల అతనిని వెనుక కూర్చుండబెట్టుకొని మీరే తీసికొనిపొండు.